గచ్చు కింద బీమ్ దొరుకుతుందా? గోదావరి డెల్టా ఇళ్ళలో బాష్ జీఎంఎస్ 120

ముందే చెప్పేస్తే నయం: గోడలో, నేలలో దాగిన ఇనుము, వైర్లు వెతికిపెట్టే ఈ పరికరం మేడ మీది గదికి మంచి పనిముట్టు, కింది అంతస్తు గచ్చుకి దాదాపు పనికిరాదు. తప్పు పరికరానిది కాదు. అమలాపురంలోనో భీమవరంలోనో పాలకొల్లులోనో ఇంటి నేల ఎన్ని పొరలుగా వేస్తారన్నదే అసలు లెక్క.

బాష్ జీఎంఎస్ 120 ప్రొఫెషనల్ అరచేతికి కాస్త పెద్దది. 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి పడుతుంది. కొసన గుండ్రటి చిల్లు, దాని చుట్టూ వెలిగే రింగు. కింద ఏమీ లేకపోతే ఆకుపచ్చ, దగ్గరపడుతుంటే పసుపు, సరిగ్గా పైకి వస్తే ఎరుపు, దాంతోపాటు బీప్. చిల్లులోంచి పెన్సిల్ దించి అక్కడికక్కడే చుక్క పెట్టుకోవచ్చు. ఈ చిల్లు చూడడానికి చిన్న సదుపాయమే గానీ, పక్కన గీత గీసుకుని తర్వాత సర్దుకునే రకాల కంటే గుర్తు చాలా కచ్చితంగా పడుతుంది. కంపెనీ చెప్పే లోతులు ఇవి: ఇనుము 120 మి.మీ., రాగి 80, కరెంటు ఉన్న వైరు 50, చెక్క 38. ఇవన్నీ గరిష్ఠ అంకెలు. 8 మి.మీ. ఊచ ఒంటరిగా ఉంటే 120 దాకా పట్టిస్తుందని ఆశ పెట్టుకోకూడదు. ఇనుము లావు తగ్గేకొద్దీ, పైకి రావలసిన సిగ్నలూ తగ్గుతుంది. ఎంత లోతులో ఉందో అంకె చూపించదు. ఉందా లేదా, అయస్కాంతానికి అంటుకునే లోహమా కాదా, నడిమధ్య ఎక్కడ, అంతవరకే.

120 మి.మీ. అంటే అయిదు అంగుళాలకి పిసరు తక్కువ. ఇప్పుడు కింది అంతస్తు గచ్చుని కొలుద్దాం. పైన గ్రానైట్ 18 మి.మీ., దాని కింద సిమెంటు బెడ్ 40, ఆ కింద నాలుగంగుళాల పీసీసీ (ఇనుము లేని సాదా కాంక్రీటు) 100. మొత్తం 158. అక్కడికి బీమ్ నెత్తి వచ్చింది. బీమ్‌లో ఊచలని చుట్టి కట్టే ఇనుప రింగుకి పైన కవర్, అంటే దాని మీది కాంక్రీటు మందం, ఇంకో 25 నుంచి 30 కలపండి. మొదటి ఇనుము 185 మి.మీ. లోతులో ఉంది. గ్రానైట్ బదులు 10 మి.మీ. టైల్ వేసినా 175 దాటుతుంది. 120 పట్టే పరికరం ఆ లోతులో బీమ్ మీద నడిచినా ఆకుపచ్చగానే వెలుగుతుంది. దాన్ని చూసి ‘ఇక్కడ బీమ్ లేదు’ అనుకుని డ్రిల్లు దింపేస్తే అది కొన్నవారి పొరపాటే. ఈ పరికరం ‘ఉంది’ అంటే నమ్మవచ్చు. ‘లేదు’ అంటే ‘నాకు అందేంతలో లేదు’ అని చదువుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. కొందరు మేస్త్రీలు పీసీసీని బీమ్ మీదుగా పోయకుండా బీమ్ పై మట్టానికే ఆపేస్తారు. అలాంటి ఇంట్లో ఇనుము 80, 85 మి.మీ.లోనే దొరుకుతుంది, పరికరం చక్కగా పట్టిస్తుంది. కాకపోతే అలా పోసిన గచ్చులో బీమ్ అంచు వెంబడి సన్నటి నెర్రె తీయడం మామూలే కాబట్టి పరికరం కంటే ముందు కంటికే ఆ గీత దొరుకుతుంది.

మరి కింది అంతస్తులో ఏం చేయాలి? పరికరాన్ని నేల మీద కాక గోడ మీద వాడాలి. గోడలో కాలమ్‌ని ఇది బాగా పట్టిస్తుంది. కాలమ్ నిలువు ఊచలకి కవర్ 40, పైన ప్లాస్టరింగ్ 12 నుంచి 20, అంటే 60 మి.మీ. లోపే. నడుము ఎత్తులో గోడ పొడవునా అడ్డంగా జరుపుకుంటూ వెళ్ళండి. ఇటుక మీద ఆకుపచ్చ, కాలమ్ దగ్గర ఎరుపు. రెండు అంచులకీ గుర్తు పెట్టండి. తర్వాత అక్కడే నిలువుగా పైకి జరిపితే 5, 6 అంగుళాలకోసారి బీప్ కాస్త బలపడుతుంది. అవి ఊచలని చుట్టిన ఇనుప రింగులు. అలా వస్తే అది కాలమే, గోడలో దించిన ఇనుప పైపు కాదు. ఎదురు గోడలోనూ ఇలాగే చేసి, ఎదురుబొదురుగా ఉన్న రెండు కాలమ్‌ల మధ్య సుద్ద దారం లాగండి. ఆ దారం కింద ప్లింత్ బీమ్ (గచ్చు మట్టం దగ్గర కాలమ్‌లని కలిపే బీమ్) ఉండే అవకాశం ఎక్కువ. బీమ్ వెడల్పు సాధారణంగా 9 అంగుళాలు కాబట్టి దారానికి అటూ ఇటూ నాలుగున్నర చొప్పున.

ఇక్కడ ఒక తిరకాసు. కాలమ్‌కీ ఇటుక గోడకీ అతుకు దగ్గర ప్లాస్టరింగ్ పగలకుండా కోడిజాలీ అనే ఇనుప వల కొడతారు. అతుకుకి రెండు వైపులా అరడుగు దాకా జాలీ పోతుంది. దాంతో 9 అంగుళాల కాలమ్ పరికరానికి 20 అంగుళాలుగా కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు, ఆ ఎర్ర పట్టీ నడిమధ్య భాగమే కాలమ్. అనుమానమైతే గోడ అవతలి వైపు నుంచి చూడండి. జాలీ చాలా ఇళ్ళలో ఒక్క వైపే ఉంటుంది.

అవకాశం ఎక్కువ అన్నామంటే ఖాయం అని కాదు. హాలు పెద్దదిగా కనిపించడానికి మధ్యలో గోడ తీసేసిన ఇళ్ళు, తర్వాత ముందుకి పెంచిన వరండాలు, ఇవన్నీ ఊహను తప్పిస్తాయి. నిర్ధారణకి డెల్టా నేలే సాయపడుతుంది. ఇక్కడ బేస్‌మెంట్ ఎత్తు రెండు మూడు అడుగులు తక్కువ కాకుండా లేపుతారు. ఊరి రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఇళ్ళు దానికంటే పైకి లేవాలి కదా. లోపల నింపేది బుసకో, గోదావరి ఇసుకో, ఎర్ర గ్రావెలో. అరడుగు, ముప్పావు అడుగు పొరలుగా నీళ్ళు కట్టి దిమ్మిస కొట్టి నింపితే కదలదు. ట్రాక్టర్లతో ఒక్కసారే పోసేసి పైన నీళ్ళు చల్లితే రెండు మూడు వర్షాకాలాల్లో దిగుతుంది. ఎండాకాలం కాలువలు కట్టేశాక నల్లరేగడి నెర్రెలిస్తుంది, జూన్‌లో నీళ్ళు వదిలాక మళ్ళీ ఉబ్బుతుంది. పైల్స్ (నేలలో లోతుగా దించిన కాంక్రీటు స్తంభాలు) మీద కూర్చున్న బీమ్ ఈ ఆటలో కదలదు, పైగా మట్టి ఉబ్బితే బీమ్‌ని ఎత్తేయకుండా దాని కింద కాస్త ఖాళీ వదలడం పద్ధతి. కదిలేది రెండు బీమ్‌ల మధ్య గచ్చు. అంటే నాలుగైదేళ్ళు దాటిన ఇంట్లో బీమ్ ఉన్న చోట గచ్చు సన్నటి గట్టులా నిలబడి, దానికి అటూ ఇటూ పళ్ళెంలా దిగి ఉంటుంది.

దాన్ని చూడడానికి ఆరడుగుల అల్యూమినియం బద్ద చాలు. సుద్ద దారానికి అడ్డంగా బద్ద పెట్టండి. కింద బీమ్ ఉంటే బద్ద మధ్యలో ఆనుకుని, రెండు కొసలూ కాస్త లేచి ఊగుతుంది. కొస కింద పాత ఏటీఎం కార్డు దూర్చండి. కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఒక్క కార్డు దూరడం ఏమీ చెప్పదు, టైల్సు పరచడంలోనే అంత తేడా ఉంటుంది. మూడు నాలుగు కార్డులు కలిపి దూరితే, అదే తేడా దారం పొడవునా అడుగుకోసారి పెట్టిన ప్రతిచోటా వస్తే, బీమ్ అక్కడే. గది పెద్దదైతే ట్యూబ్ లెవెల్ పెట్టించండి. ఇంకో ఆనవాలు: టైల్స్ సందుల్లో గ్రౌట్ ఒకే తిన్నటి గీతలో పదే పదే రాలుతుంటే, అది బీమ్ అంచు. సందు వెంట కాకుండా టైల్‌కి అడ్డంగానే పగిలి ఆ గీత ముందుకి పోయిందంటే అనుమానం అక్కర్లేదు.

ఇంకా తేలకపోతే ఒకే ఒక్క చిల్లు. టైల్ మధ్యలో కాదు, సందులో. 6 మి.మీ. మేసన్రీ బిట్‌కి 7 అంగుళాల దగ్గర టేపు చుట్టండి. మొదట తెల్లటి గ్రౌట్ పొడి, తర్వాత ఇసుక కలిసిన మెత్తటి బూడిద రంగు పొడి, అది బెడ్. ఆ తర్వాత బిట్ ఎగిరెగిరి పడుతుంది, అది పీసీసీలో పెద్ద కంకర. ఆరంగుళాల దగ్గరికి వచ్చేసరికి చేతి కింద బలం లేకుండా దిగబడిపోతే కింద ఉన్నది ఇసుక, బీమ్ లేదు. బిట్‌కి తడి ఇసుక అంటుకుని వస్తుంది. దిగబడకుండా అదే గట్టిదనం కొనసాగుతుంటే, పొడి సన్నగా సిమెంటు రంగులో వస్తుంటే బీమ్ నెత్తి తగిలినట్టే, అక్కడ ఆపేయాలి. చిల్లు వేసే ముందు ఆ గీతలో నీళ్ళ పైపు లేదని ఇంటి ప్లంబర్‌ని అడగడం తప్పనిసరి. ఈ పరికరం ప్లాస్టిక్ పైపుని పట్టించదు. సీపీవీసీ పైపులో నీళ్ళు నిండుగా ఉన్నా దానికి కనపడదు. చిల్లుని పని అయ్యాక వదిలేయకుండా సిమెంటు పాలతో, పైన గ్రౌట్‌తో మూయండి. వర్షాకాలంలో భూమిలో నీరు పైకొచ్చినప్పుడు చెమ్మ ఎక్కడానికీ, చెదలు రావడానికీ ఆ దారి చాలు.

చెదల మాట వచ్చింది కాబట్టి: చెద మందుకి గోడ మొదట్లో అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. చిల్లులు వేస్తారు. తొమ్మిదంగుళాల గోడ దగ్గర బిట్ హాయిగా మట్టిలోకి దిగుతుంది. నాలుగున్నర గోడ దగ్గర దిగదు. గోడ నాలుగున్నర, కింద బీమ్ తొమ్మిది, అంటే గోడకి రెండు వైపులా రెండుంపావు అంగుళాల బీమ్ బయటికి ఉంటుంది. చిల్లు దాని నెత్తినే పడుతుంది, మందు కాంక్రీటు మీద నిలిచి వెనక్కి వస్తుంది. అలాంటి గోడల దగ్గర చిల్లుని మూడంగుళాలు ఇవతలికి జరిపించండి.

ఇక మేడ. జీఎంఎస్ 120 డబ్బులకి న్యాయం చేసేది ఇక్కడే, అదీ ఎక్కువగా కింద నుంచి. కారణం మళ్ళీ కొలతే. అయిదంగుళాల శ్లాబులో గది మధ్యలో ఊచలు అడుగునే ఉంటాయి. పైనుంచి కొలిస్తే టైల్ 10, బెడ్ 40, శ్లాబు 125లో అడుగు కవర్ 20 తీసేస్తే 105. వెరసి 155, అందదు. కింద నుంచి అయితే సీలింగ్ ప్లాస్టరింగ్ 6 నుంచి 10, కవర్ 20, మొత్తం 30 మి.మీ.! స్టూలెక్కి సీలింగ్ మీద జరిపితే ప్రతి ఊచా విడివిడిగా, అయిదారు అంగుళాలకొకటి, లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తుంది.

పైనుంచి చూస్తే మరో విచిత్రం. బీమ్‌కి రెండు వైపులా శ్లాబు పై భాగంలో కూడా ఊచలు ఉంటాయి. 12 అడుగుల గది అయితే బీమ్ నుంచి సుమారు మూడు, మూడున్నర అడుగుల దాకా. అవి పై కవర్‌తో కలిపి 70 మి.మీ.లోనే ఉన్నాయి కాబట్టి పరికరం మోగుతుంది. గది మధ్యకి వచ్చేసరికి నిశ్శబ్దం. తెలియనివారు దీన్ని చూసి ‘గోడ పక్కన ఇనుము దిట్టంగా వేశాడు, మధ్యలో ఎగ్గొట్టాడు’ అని మేస్త్రీని తిట్టుకుంటారు. పాపం మేస్త్రీ సరిగ్గానే కట్టాడు.

బీమ్‌కీ శ్లాబు ఊచలకీ తేడా తెలుసుకోవడం ఇలా. శ్లాబు మీద ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు అని లయగా వస్తుంది. బీమ్ మీద రింగు ఎర్రగా వెలిగి 9 అంగుళాల దాకా తగ్గదు. కారణం సులువే, ఊచల మధ్య దూరం వాటి లోతు కంటే తక్కువైతే పరికరం వాటిని విడదీయలేదు, ఒకే ముద్దగా చూస్తుంది. ఆ ముద్దే మనకి కావలసింది. ఎరుపు మొదలైన చోట ఒక చుక్క, ఆగిన చోట ఒక చుక్క, అడుగుకోసారి ఇలా నాలుగైదు చోట్ల పెట్టి చుక్కలు కలపండి. రెండు గీతలూ సమాంతరంగా వస్తే బీమ్. వంకరగా వస్తే కింద జీఐ పైపో, ఇంకేదో.

కింది గదిలోకి దిగి కనిపించే బీమ్‌కి ఏ పరికరమూ అక్కర్లేదు. చిక్కల్లా ఫాల్స్ సీలింగ్ వేసినప్పుడే. జిప్సమ్ బోర్డు మీద పరికరం పెడితే అది దొరకబుచ్చుకునేది బోర్డుని పట్టిన జీఐ ఛానెళ్ళని, శ్లాబుని కాదు. మధ్యలో అరడుగు ఖాళీ ఉంటుంది మరి. అప్పుడు పరికరం పక్కన పెట్టి, మెయిన్ ఆపి, ఒక ఎల్ఈడీ ప్యానెల్ లైటుని స్ప్రింగులు నొక్కి కిందికి లాగండి. ఆ కన్నంలోంచి ఫోన్ టార్చి వేసి, ఫోన్‌తోనే నాలుగు ఫొటోలు తీస్తే బీమ్‌లన్నీ బయటపడతాయి. పైసా ఖర్చు లేదు.

కింద దొరికిన గీతని పై గచ్చు మీదికి తేవడంలోనే ఎక్కువమంది తప్పుతారు. గోడ నుంచి కొలిచి పైన అదే కొలత పెట్టేస్తారు. కింద గోడ తొమ్మిది, పైన నాలుగున్నర అయితే కొలత రెండు అంగుళాల పైన తప్పుతుంది. ప్లాస్టరింగ్ మందాల తేడా అదనం. రెండు అంతస్తులకీ ఉమ్మడిగా కనిపించే అంచు నుంచి కొలవాలి. మెట్ల దగ్గర శ్లాబు ఆగిపోయే అంచు అన్నిటికంటే మంచిది. అది లేకపోతే శ్లాబు దాటి వెళ్ళే డ్రైనేజీ పైపు, అదీ లేకపోతే కిటికీలోంచి తూకం గుండు వదిలి బయటి గోడ ముఖం.

బాత్‌రూమ్ జోలికి మాత్రం పైనుంచి పోకండి. అక్కడ శ్లాబుని 9 అంగుళాలో అడుగో కిందికి దించి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపుతారు. పరికరానికి అది వట్టి నేల.

తప్పు దారి పట్టించేవి ఇంకొన్ని. చేతి గాజులు, ఉంగరాలు, స్టీలు గడియారం తీసేయండి. ఫోన్ జేబులో కాదు, పక్క గదిలో పెట్టండి. నల్ల గ్రానైట్ అయితే ముందు ఒక చిన్న అయస్కాంతం దాని మీద పెట్టి చూడండి. కొన్ని నల్ల రాళ్ళలో మాగ్నెటైట్ ఉంటుంది, అయస్కాంతం కాస్త అంటితే ఆ రాయి మీద పరికరం చెప్పేది నమ్మలేం. ఏమీ లేని చోట కూడా రీడింగ్ నిలిచిపోతే గాల్లో పట్టుకుని రీకాలిబ్రేట్ చేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంది. బ్యాటరీ నీరసించినా ఇలాంటి వేషాలే వేస్తుంది. వైర్ల కోసం వెతికేటప్పుడు లైట్లు, ఫ్యాన్లు వేసి ఉంచండి, కరెంటు లేని వైరు ఆ మోడ్‌లో కనపడదు. గచ్చులో వేసిన పైపులోని వైరు సుమారు 50 మి.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. చలికాలంలో పొడి గోడ మీద స్థిర విద్యుత్తు వల్ల గోడంతా వైరే అన్నట్టు మోగితే, పరికరం పక్కన అరచేతిని గోడకి ఆనించండి, సర్దుకుంటుంది.

చెక్క మోడ్ గురించి రెండు ముక్కలు. కోనసీమ మండువా లోగిళ్ళకీ, మద్రాసు టెర్రస్ మేడలకీ అది కొనకండి. టేకు దూలాల మీద ఇటుక, దాని మీద సున్నపు కాంక్రీటు నాలుగైదు అంగుళాలు. 38 మి.మీ. అందులో ఏ మూలకి? పైగా ఆ మోడ్ పలచటి బోర్డు వెనకాల చెక్క కోసం చేసింది, చెమ్మ తగిలితే ఇంకా గందరగోళం. ఆ ఇళ్ళలో దూలాలు కింద నుంచి కళ్ళకే కనిపిస్తాయి. దూలం కొస గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడడం ఏ పరికరం కంటే మేలు, కుళ్ళు అక్కడే మొదలవుతుంది.

ఇంత తంటా దేనికంటారా? ఇళ్ళకి శ్లాబు మీద చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేస్తారు. నాలుగున్నర ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో, 10 అడుగుల ఎత్తుకి అడుగు పొడవుకి దాదాపు 250 కిలోలు. పిల్లల గదికని మేడ మీద పది అడుగుల గోడ లేపితే రెండున్నర టన్నులు. అది బీమ్ మీద పడితే ఇంజినీరుని అడిగి ముందుకి పోవచ్చు, శ్లాబు నడుమ పడితే జిప్సమ్ గోడతో సరిపెట్టుకోవాలి. నాలుగడుగుల అక్వేరియం కూడా తక్కువేం కాదు: నాలుగు, ఒకటిన్నర, ఒకటిన్నర అడుగులంటే 255 లీటర్లు, అద్దం, స్టాండు కలిపి మూడు వందల కిలోలు ఆరు చదరపు అడుగుల మీద. చేపల చెరువుల దేశంలో మేడ మీదికి ఇంకో చెరువు ఎక్కించేముందు బీమ్ పక్కకి, గోడ వారకి జరపండి.

లోతు కావాలంటే అదే కంపెనీ డీ-టెక్ట్ 200 సీ ఉంది. రాడార్ పద్ధతి, పొడి కాంక్రీటులో 200 మి.మీ. దాకా చూస్తుంది, లోతు అంకెల్లో చెబుతుంది, నీళ్ళున్న ప్లాస్టిక్ పైపునీ చూపిస్తుంది. కానీ ‘పొడి’ అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. తడి కాంక్రీటులో ఆ లోతు బాగా పడిపోతుంది, మన కింది గచ్చులు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పొడిగా ఉండేది ఎన్నాళ్ళు? ధర కూడా చాలా ఎక్కువ. ఒక్క ఇంటి కోసం కొనే వస్తువు కాదు. కొన్నవారి చేత ఒక పూట చూపించుకోండి, అదీ ఏప్రిల్, మే నెలల్లో.

జీఎంఎస్ 120 ఎవరు కొనాలంటే: ఏసీలు, గీజర్లు, గ్రిల్స్ బిగించేవారు, ఎలక్ట్రీషియన్లు, ఇంటీరియర్ పని చేసేవారు, కళ్ళు మూసుకుని కొనవచ్చు. ఇల్లుగలవారు ఒక్క గది కోసమైతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. తెచ్చిన రోజు ముందు స్లాబు అంచు కనిపించే చోట, మెట్ల కింద, ఊచలు ఎక్కడున్నాయో తెలిసిన దగ్గర పదినిమిషాలు జరిపి చేయి అలవాటు చేసుకోండి. చాలామంది వేగంగా తోసేస్తారు. టైల్ సందులు తగిలి పరికరం ఎగిరినప్పుడల్లా రీడింగ్ గెంతుతుంది. దానికి మందు, గచ్చు మీద ఒక పలచటి అట్ట పరిచి దాని మీద జరపడం. అట్ట మందం రెండు మూడు మిల్లీమీటర్లు లోతులోంచి పోతాయి గానీ చేయి సాఫీగా నడుస్తుంది, గుర్తులు కూడా గ్రానైట్ మీద కాకుండా అట్ట మీదే పడతాయి.